బండి ముందు ఇనుప కంచె

1831లో ఇంగ్లండ్ నుంచి అమెరికాలోని ఫిలడెల్ఫియా రేవుకు ఒక రైలింజను పెట్టెల్లో వచ్చింది. రాబర్ట్ స్టీఫెన్సన్ కంపెనీ దాన్ని ఏ ముక్కకాముక్క విప్పి ఓడకెక్కించింది కానీ, ఎలా బిగించాలో చెప్పే నక్షా మాత్రం పంపలేదు. ఐజక్ డ్రిప్స్ అనే కుర్ర మెకానిక్‌కు ఆ పని పడింది. అతను అంతకుముందు రైలింజనును కంటితో చూసినవాడు కాదు. అయినా న్యూజెర్సీలోని బోర్డెన్‌టౌన్‌లో ముక్కలన్నీ కూర్చి దాన్ని నడిపించాడు. ఆ ఇంజను పేరు జాన్ బుల్.

ఇంగ్లండ్ పట్టాలకు తయారైన ఇంజను అమెరికా మలుపుల్లో ఇబ్బంది పెట్టింది. డ్రిప్స్ దానికి ముందు రెండు చక్రాల చిన్న బండి ఒకటి తగిలించి దారి చూపించాడు. అంతకంటే పెద్ద చిక్కు పశువులతో వచ్చింది. ఇంగ్లండ్‌లో రైలుదారికి రెండు పక్కలా కంచె ఉండేది. అమెరికాలో మైళ్ల తరబడి ఏ అడ్డూ లేదు. మేతకు వదిలిన ఆవులు పట్టాల మీదే నిలబడేవి. అప్పటి తేలికపాటి ఇంజను ఆవును గుద్దితే చచ్చేది ఆవొక్కటే కాదు, బండీ పట్టాలు తప్పేది. అందుకని 1833 ప్రాంతంలో డ్రిప్స్ ఆ ముందు బండికే పశువుల్ని తోసివేసే చట్రాన్ని అమర్చాడు. తొలి రూపంలో ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప ఊచలు ఉండేవని, ఒక ఎద్దు వాటికి గుచ్చుకుపోతే కప్పీ వేసి లాగాల్సి వచ్చిందని రైల్వే కథల్లో చెప్పుకుంటారు. తర్వాత స్థిరపడిన రూపం నాగలి కర్రులాంటిది. మొన ముందుకు, రెండు రెక్కలు వెనక్కి ఏటవాలుగా ఉండి, ఎదురైన పశువును పైకెత్తి పక్కకు దొర్లించేది.

ఈ ఆలోచన తనకూ వచ్చిందని చార్లెస్ బాబేజ్ చెప్పుకున్నాడు. లెక్కల యంత్రాల పితామహుడిగా మనకు తెలిసిన బాబేజే ఆయన. 1830 సెప్టెంబర్ 15న లివర్‌పూల్ మాంచెస్టర్ రైలుమార్గం ప్రారంభమైన రోజునే విలియం హస్కిసన్ అనే పార్లమెంటు సభ్యుడు ఇంజను కింద పడి చనిపోయాడు. పట్టాల మీద అడ్డుపడ్డదాన్ని ఊడ్చేసే అమరిక ఒకటి ఇంజను ముందు ఉండాలని ఆ రోజుల్లోనే తాను సూచించినట్టు బాబేజ్ 1864లో వెలువడిన తన జీవితకథలో రాసుకున్నాడు. ఘనత ఎవరికి ఎంత అన్నది చరిత్రకారులు తేల్చుకోవాల్సిన సంగతి. పట్టాల మీద పనిచేసి చూపించింది మాత్రం డ్రిప్స్ చట్రం. జాన్ బుల్ ఇంజను ఇప్పటికీ వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ సంస్థ దగ్గర ఉంది. నూట యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 1981లో దాన్ని మళ్లీ ఆవిరితో నడిపారు కూడా.

ఇవాళ పికప్ ట్రక్కు ముందు బిగించే బ్రష్ గార్డుకు, మనవాళ్లు బంపర్ గార్డనీ బుల్‌బార్ అనీ పిలిచేదానికి, మూలపురుషుడు ఆ చట్రమే. దాని వంశాన్ని వరసగా చూస్తూ వస్తే ఒక సంగతి బోధపడుతుంది. ఈ కమ్మీలు ఎక్కడ పుట్టినా అక్కడి ఫలానా ప్రమాదానికి జవాబుగానే పుట్టాయి. ఒకచోట ఆవు, ఒకచోట ముళ్లకొమ్మ, ఇంకోచోట కంగారూ. ఆ ప్రమాదం లేనిచోటికి అదే ఇనుమును తీసుకుపోయి బిగిస్తే అది ఎవరిని కాపాడుతుంది, ఎవరి ప్రాణం మీదికి తెస్తుంది అన్న ప్రశ్న మొదలవుతుంది. షాపులో ఏది అందంగా ఉందో చూడడానికి ముందు మన దారిలో ఎదురయ్యేది ఏమిటో తేల్చుకోవాలని నేను అనడానికి కారణం ఇదే.

ఈ వంశంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన శాఖ ట్రాములది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో కరెంటు ట్రాములు ఊరి నడివీధుల్లోకి వచ్చాయి. అక్కడ ఎదురయ్యేది ఆవు కాదు, మనిషి. మనిషిని నాగలితో దున్నినట్టు పక్కకు తోస్తే సరిపోదు కదా. బ్రిటన్‌లో ట్రాముల కింద ఒక వేలాడే తలుపు, దాని వెనక ఒక పళ్లెం ఉండేవి. పడిపోయిన మనిషి శరీరం తలుపుకు తగలగానే పళ్లెం నేలమీదికి వాలి, చక్రాల కిందికి పోకుండా అతన్ని ఎత్తుకునేది. అమెరికా నగరాల్లో ట్రాముల ముందు వలబుట్టల్లాంటి అమరికలు పెట్టారు. బండి ముందున్న వస్తువు బండిని కాకుండా ఎదుటి మనిషిని కాపాడాలని ఇంజనీర్లు పట్టుబట్టిన రోజులవి. మోటారు బండ్ల కాలం వచ్చాక ఆ పట్టుదల చాలాకాలం మరుగున పడింది.

రెండో ప్రపంచ యుద్ధం ఈ కమ్మీలను మోటారు బండ్ల మీదికి తెచ్చింది. అమెరికా సైన్యపు డాడ్జ్ ట్రక్కుల్లో, జీఎంసీ రెండున్నర టన్నుల లారీల్లో రేడియేటరుకూ హెడ్‌లైట్లకూ ముందు ఇనుప పట్టీలతో గార్డు ఉండేది. రోడ్డు లేని చోట పొదల మధ్య నుంచి దూసుకుపోవాలి. ఒక్క ఎండుకొమ్మ రేడియేటరు రేకుల్లోంచి గుచ్చుకుందంటే నీళ్లు కారిపోయి బండి ఆగిపోతుంది. యుద్ధభూమిలో ఆగిన బండి అంటే అందులోని మనుషుల ప్రాణం పోయినట్టే. బ్రష్ గార్డు అసలు పని ఇదే. బ్రష్ అంటే ఇక్కడ పొద. గుద్దులాటకు కాదు, గీతలూ గుచ్చుకోవడాలూ ఆపడానికి దాన్ని పెట్టారు. జీపులకు ఇంకో విచిత్రమైన అమరిక కూడా వచ్చింది. ముందు అద్దం మడిచి నడిపే జీపుల్లో సైనికుల మెడలు తెగేలా జర్మన్లు రోడ్డుకడ్డంగా సన్నని తీగలు కట్టేవారు. దానికి విరుగుడుగా జీపు బంపరు మధ్యలో నిలువెత్తు ఇనుప కోణాన్ని వెల్డింగు చేసి, పైకొసను తీగ చిక్కి తెగేలా వంచారు. ప్రమాదం ఏ ఆకారంలో ఉంటే కంచె ఆ ఆకారంలో తయారైందనడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ నాకు తెలియదు.

ఆస్ట్రేలియాలో మాత్రం గుద్దుకోవడమే అసలు ప్రమాదం. ఆ దేశపు లోపలి ప్రాంతాల్లో వందల కిలోమీటర్ల రోడ్డుకు కంచె లేదు, మధ్యలో మెకానిక్ లేడు. కంగారూలు సంధ్యవేళల్లోనూ రాత్రుళ్లూ మేతకు తిరుగుతాయి. పెద్ద ఎర్ర కంగారూ మగది 85 కేజీల దాకా తూగుతుంది. అది వెలుగు చూసి బెదిరి బండికడ్డంగానే దూకుతుంది. రేడియేటరు పగిలి ఎడారిలో నిలిచిపోతే దాహంతో చనిపోయే ప్రమాదం నిజంగా ఉంది. అందుకే అక్కడి పశువుల దొడ్ల వాళ్లు చేతికందిన గొట్టాలతో తామే గార్డులు చేసుకునేవారు. ఉత్తర ప్రాంతాల్లో తిరుగుతూ ఆ గతుకుల దారుల్లో విరిగిపోతున్న నాసిరకం సామగ్రిని చూసిన ఆంథొనీ రొనాల్డ్ బ్రౌన్ అనే ఆయన 1975లో మెల్‌బోర్న్‌లో సొంతంగా తయారీ మొదలుపెట్టాడు. ఆయన పేరులోని పొడి అక్షరాలతోనే ఏఆర్‌బీ కంపెనీ ప్రపంచమంతటికీ తెలిసింది. బుల్‌బార్‌ను ఇనుపకొట్టు పనితనం నుంచి ఇంజనీరింగ్ వస్తువుగా మార్చినవాళ్లలో ఆయనది ముందువరస.

అమెరికాలో పికప్ కథ వేరే దారి పట్టింది. 1967లో మెక్సికోలోని బాహా ఎడారిలో మోటారు బండ్ల దూరపు పందెం మొదలైంది. పందెపు బండ్ల గొట్టాల బంపర్లూ, వాటిమీద వరసగా పెట్టిన దీపాలూ ఊళ్లో తిరిగే కుర్రకారు కంట్లో పడ్డాయి. 1985లో వచ్చిన బ్యాక్ టు ద ఫ్యూచర్ సినిమాలో కథానాయకుడు కలలు కనే నల్ల టయోటా పికప్ ఆ సోకులన్నిటితో తెరమీద నిలబడింది. అదే దశకంలో అమెరికా సైన్యం షెవర్లే పికప్పులను కొని బ్రష్ గార్డులతో తిప్పింది. ఇలా పొలంలో, సైన్యంలో, పందెంలో పుట్టిన వస్తువు పార్కింగ్ స్థలాల్లో అలంకారమైంది. అలంకారం తప్పని నేననను. తన బండిని ముచ్చటగా చూసుకోవడం మనిషికి సహజం. కానీ సరిగ్గా ఆ కాలంలోనే బండి లోపలి నిర్మాణం మొత్తం మారిపోతోంది.

మెర్సిడెస్ కంపెనీలో పనిచేసిన బేలా బారెన్యి అనే ఇంజనీరు 1952లో ఒక పేటెంటు సంపాదించాడు. బండి ముందు భాగమూ వెనక భాగమూ గట్టిగా ఉండకూడదు, గుద్దుకున్నప్పుడు అవి నలిగి ఆ దెబ్బను తామే మింగాలి, మనుషులు కూర్చునే గది మాత్రం చెక్కుచెదరకూడదు అన్నది దాని సారం. 1959 నుంచి ఆ పద్ధతిలో కార్లు అమ్మకానికి వచ్చాయి. తర్వాత ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. అమెరికాలో 1998 సెప్టెంబర్ నుంచి తయారైన తేలికపాటి ట్రక్కుల్లో ముందు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి. సెకనులో వందో వంతులు లెక్కపెట్టే వ్యవధిలో సెన్సార్లు దెబ్బ తీవ్రతను కొలిచి బ్యాగు విప్పాలా వద్దా అని తేలుస్తాయి. ఆ లెక్కంతా కంపెనీ చేసిన బంపరును బట్టి కట్టింది. దానికి ముందు మొండి ఇనుప కమ్మీని నేరుగా చాసిస్‌కు బిగిస్తే నలగాల్సింది నలగదు, సెన్సారుకు చేరే దెబ్బ రూపం మారిపోతుంది. బ్యాగు అక్కర్లేనప్పుడు విప్పుకోవచ్చు, కావలసినప్పుడు ఆలస్యం కావచ్చు. ఆస్ట్రేలియా తయారీదారులు ఈ చిక్కును గుర్తించి 1990లలోనే ఎయిర్‌బ్యాగుకు సరిపడే బార్లు రూపొందించారు. బిగించే బ్రాకెట్లే ఒక లెక్క ప్రకారం నలిగేలా ఉంటాయి. 2002లో ఆ దేశం వీటికి ఒక ప్రమాణమే రాసుకుంది.

ఎదుటి మనిషి సంగతి ముందుగా పట్టించుకున్నది యూరప్. 1990లలో లండన్ వీధుల్లో ఎత్తయిన జీపుతరహా కార్లకు బుల్‌బార్లు పెట్టుకోవడం ఒక మోజైంది. పెద్దవాళ్ల నడుముకు తగిలే కమ్మీ చిన్నపిల్లల తలకు తగులుతుంది. బానెట్ రేకు కొంతైనా లోపలికి పోతుంది, గొట్టం పోదు. చివరికి 2005లో యూరోపియన్ యూనియన్ ఒక ఆదేశం తెచ్చింది. కార్లూ తేలికపాటి బండ్ల ముందు బిగించే ఏ కమ్మీ అయినా కాలు బొమ్మతోనూ తల బొమ్మతోనూ చేసే గుద్దుడు పరీక్షల్లో నెగ్గితేనే అమ్మాలి. దాంతో అక్కడి కొత్త బండ్లకు మొండి ఇనుప బార్లు పోయి, వంగే తరహావి వచ్చాయి. ట్రాము కింద పళ్లెం పెట్టినవాళ్ల పట్టుదల నూరేళ్ల తర్వాత చట్టంగా తిరిగొచ్చిందని నాకు సంతోషం.

మన దేశంలో కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లో రాష్ట్రాలన్నిటికీ లేఖ రాసింది. బండ్లకు క్రాష్ గార్డులు, బుల్‌బార్లు బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని అందులో స్పష్టంగా చెప్పింది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని యజమాని తన ఇష్టానికి మార్చకూడదన్నది ఆ సెక్షన్. మొండి ఇనుము పోయి నలిగేది రావడమనే మార్పు మన రైల్వేలోనూ కనిపిస్తుంది. పాత ఇంజన్లకు గట్టి పశువుల గార్డులుంటే, వందే భారత్ ముక్కు ఫైబరుతో చేసింది. 2022 అక్టోబర్‌లో గుజరాత్‌లో గేదెల్ని గుద్దినప్పుడు అది పగిలింది, రైలు నిలిచింది, మళ్లీ కదిలింది. ముక్కు పగిలిందని జనం ఆశ్చర్యపోయారు. దెబ్బను తాను తిని, తర్వాత మార్చుకోవడానికి వీలుగా ఉండడమే ఆ ముక్కు పని.

కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఊళ్లో తిరిగే పికప్‌కు ముందు గార్డు వద్దనే నా మాట. ఎదురయ్యేవి స్కూటర్లూ మనుషులూ. సర్కారు తుమ్మ కొమ్మలు రోడ్డు మీదికి వాలే పల్లెదారుల్లో తిరిగేవారికి దీపాలూ గ్రిల్లూ గీరుకుపోతాయన్న బాధ నిజమే. అక్కడ కూడా ముందు ఆ బండి కంపెనీ తన సొంత జాబితాలో అనుమతించిన యాక్సెసరీ ఏముందో చూడాలి. బయటి షాపులో గొట్టాలు వెల్డింగు చేయించుకుంటే చట్టంతో పాటు బీమా దగ్గరా పేచీ రావచ్చు.

టెక్సాస్ లాంటి చోట్ల స్థిరపడి పికప్ కొనుక్కున్న మన తెలుగువాళ్లకు మాత్రం ఇది నిజమైన ఎంపికే. అక్కడ రాత్రిళ్లు రోడ్డు దాటే జింకలు నిత్యం ఎదురయ్యేవే, శరత్కాలంలో మరీను. దీపాల చుట్టూ సన్నని గొట్టాలతో ఉండే బ్రష్ గార్డు కొమ్మల్ని ఆపుతుంది, జింకను ఆపదు. వేగంగా పోతున్నప్పుడు జింక తగిలితే ఆ గొట్టాలే వెనక్కి వంగి గ్రిల్లులోకీ బానెట్లోకీ దిగబడతాయి. జింకకు తట్టుకోవాలంటే బంపరునే మార్చేసే భారీ రకం కావాలి. దాని బరువు యాభై కేజీలు దాటడం మామూలే. కొనేముందు దాన్ని చాసిస్ పట్టాలకు బిగిస్తారా, బంపరు రేకుకు మాత్రమేనా అని అడగాలి. రేకుకు బిగించేది పేరుకే గార్డు. మీ మోడలుకు, మీ సంవత్సరానికి ఎయిర్‌బ్యాగుతో పరీక్షించినదేనని తయారీదారు రాసివ్వాలి. కొత్త పికప్పుల్లో గ్రిల్లు వెనకో బంపరు దగ్గరో రాడార్ ఉంటుంది, పార్కింగ్ సెన్సార్లుంటాయి. కమ్మీ వాటికి అడ్డొస్తే తనంతట తాను బ్రేకు వేసే వ్యవస్థ తప్పుడు హెచ్చరికలిస్తుంది, లేదా పూర్తిగా మానేస్తుంది. రేడియేటరుకు గాలి ఆడాలి, ముఖ్యంగా ట్రెయిలర్ లాగేవారికి. బిగించిన తర్వాత హెడ్‌లైట్ల గురి మళ్లీ సరిచేయించాలి. ముందు బరువు పెరిగి బండి ముక్కు వంగితే వెలుగు దగ్గరలోనే పడి, జింక కనిపించాల్సిన దూరం చీకట్లో ఉండిపోతుంది.