టాటా ఇండికామ్ హ్యాండ్‌సెట్ల కేసు

ఒక కంపెనీ నెట్‌వర్క్‌కే ముడిపడ్డ సెల్‌ఫోన్‌ను మరో కంపెనీకి మార్చడంపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2005 జూలై 29న తీర్పిచ్చిన కేసు. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ కొద్దిపాటి తొలి చెల్లింపుతోనే ఖరీదైన సీడీఎంఏ ఫోన్లు ఇచ్చి, అవి తన సర్వీసులోనే పనిచేసేలా చేసింది. వాటి ఎలక్ట్రానిక్ సీరియల్ నంబరు మార్చి, కస్టమర్లను తమవైపు తిప్పుకున్నారని పోటీ కంపెనీ టాటా ఇండికామ్ ఉద్యోగులపై హైదరాబాదులో కేసు నమోదైంది.

సెల్‌ఫోను కూడా కంప్యూటరేనని జస్టిస్ వి.వి.ఎస్.రావు తేల్చారు. మోసం, నమ్మకద్రోహం, కుట్ర ఆరోపణలను కొట్టేసి, సోర్స్ కోడ్ మార్చడాన్ని శిక్షించే ఐటీ చట్టం 65వ సెక్షన్, కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద దర్యాప్తు సాగనిచ్చారు. 65వ సెక్షన్‌కు మూడేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సోర్స్ కోడ్‌ను భద్రపరచాలని ఏ చట్టమూ చెప్పలేదన్న వాదన నిలవలేదు. సెక్షన్‌లోని ‘లేదా’ అనే చిన్న మాటే అందుకు ఆధారమైంది. ఉద్యోగుల దోషం తేల్చిన తీర్పు మాత్రం కాదిది. తన డబ్బుతో తన ఫోను మార్పించుకునే కస్టమరు ప్రస్తావన ఇందులో నామమాత్రమే.

అమెరికాలో ఆ కస్టమరే చర్చకు కేంద్రమయ్యాడు: 2013 జనవరి నుంచి కొత్త ఫోన్లకు కంపెనీ అనుమతి లేని అన్‌లాకింగ్ (నెట్‌వర్క్ ముడి విప్పడం) కాపీరైట్ చట్ట ఉల్లంఘనైంది, 2014 ఆగస్టు 1న సంతకమైన చట్టం దాన్ని మళ్లీ అనుమతించింది.