కోడె బెదరకుండా కాడి అలవాటు చేయడం ఎలా?

రెండున్నర, మూడేళ్ల కోడెకు ఒక్కసారిగా కాడి కట్టి దుక్కిలో దింపితే బెదిరిపోతుంది. తొలిరోజు పట్టుకున్న భయం చాలాకాలం వదలదు. అందుకే తొలకరికి నెల ముందు నుంచే అలవాటు చేయండి.

పశువుకు సరిగ్గా తన వెనుక ఉన్నది కనిపించదు. పక్క నుంచి, పిలుస్తూ దగ్గరకు వెళ్లండి. మొదటి మూడు, నాలుగు రోజులు మెడ, మూపురం నిమరండి. తర్వాత గోనెసంచి మడిచి మెడపై వేయండి. కాడిని ముందుగా వాసన చూడనివ్వండి. ఆపై పనికి అలవాటుపడిన సాధు ఎద్దుతో జత కట్టి, నాగలి లేకుండా ఉదయం చల్లపూట పది, పదిహేను నిమిషాలు నడిపించండి. అది కుదిరాక చిన్న దుంగ లాగించండి. నాగలి చివరికే.

బెదిరితే కొట్టకండి, తోక మెలిపెట్టకండి. నిలబెట్టి, నెమ్మదించాకే కాడి దించండి. గింజుకుంటున్నప్పుడు దించితే, గింజుకుంటే కాడి పోతుందని నేర్చుకుంటుంది.

అలవాటైన కోడె ఉన్నట్టుండి మెడ ఇవ్వకపోతే మొండితనం అనుకోవద్దు. మెడ తడిమి చూడండి. వాపు, పుండు ఉంటే పశువైద్యునికి చూపించి, పూర్తిగా మానేవరకు కాడి వేయకండి.