సైబీరియా రైలుదారిలో దంపతులు

మాస్కోలోని యారొస్లావ్‌స్కీ స్టేషను నుంచి పసిఫిక్ తీరాన ఉన్న వ్లాదివొస్తోక్ దాకా సాగే ట్రాన్స్ సైబీరియన్ రైలుమార్గం పొడవు 9,288 కిలోమీటర్లు. అంటే విజయవాడ నుంచి ఢిల్లీకి ఉన్న దూరానికి ఐదు రెట్లకు పైమాటే. ఈ మార్గం చరిత్రను జార్ల నిర్ణయాలతో, మంత్రుల లెక్కలతో, ఇంజనీర్ల వంతెనలతో చెప్పడం పరిపాటి. ఆ కథనం అవసరమైనదే అయినా, అందులో ఒక విషయం మరుగున పడిపోయింది. భార్యాభర్తలిద్దరూ తమంత తాముగా, కేవలం చూడాలన్న కోరికతో ఆసియా ఖండాన్ని రైలులో దాటడమన్నది ఈ దారికి బాగా ఆలస్యంగా వచ్చిన అలవాటు. అంతకుముందు వందేళ్లకు పైగా సైబీరియాను దాటిన జంటల్లో అత్యధికులు శిక్ష పడో, భూమి చాలకో, ప్రాణభయంతోనో కదిలినవారే; ఇద్దరూ కలిసి వెళ్లవచ్చునా లేదా అన్నది సైతం చాలా సందర్భాల్లో వారి ఇష్టం మీద గాక ప్రభుత్వమిచ్చే కాగితం మీద ఆధారపడి ఉండేది.

రైలు రాకముందు ఈ దూరాన్ని కలిపింది ‘ట్రాక్ట్’ అనే మట్టిబాట. మజిలీ మజిలీకీ గుర్రాలు మార్చుకుంటూ సాగే ఈ రాజమార్గం మీదే ఉత్తరాలూ, సరుకులూ, సంకెళ్లు వేసిన ఖైదీలూ నడిచేవి. 1825 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జార్ మొదటి నికొలాయ్ మీద తిరగబడి విఫలమైన సైనికాధికారులలో, అంటే చరిత్రలో ‘డిసెంబ్రిస్టులు’గా పేరుబడినవారిలో, ఐదుగురిని ఉరితీసి, వందమందికి పైగా సైబీరియాకు పంపించారు. వారి వెనుక భార్యలో, పెళ్లి నిశ్చయమైనవారో మొత్తం పదకొండు మంది స్త్రీలు తమంత తాముగా బయలుదేరారు. 1826లో అందరికంటే ముందు కదిలిన యెకతెరీనా త్రుబెత్స్కాయా, ఆమె తరువాత మరియా వొల్కొన్స్కాయా ఇద్దరూ రాచకుటుంబాల వంటి ఇళ్లలో పెరిగినవారు. ప్రభుత్వం వారిని నేరుగా ఆపలేదు గాని, దారిలో ఒక పత్రం మీద సంతకం పెట్టించుకుంది: కులీన హక్కులు వదులుకోవాలి, ఇక ఖైదీ భార్యగానే బతకాలి, అక్కడ పుట్టే పిల్లలకు తండ్రి వంశపు హోదా దక్కదు. మరియా తన పసికందును వెనుక వదిలి వెళ్లింది. ఆ బిడ్డ 1828లో చనిపోయాడు. సైబీరియా ప్రయాణంలో దాంపత్యానికి ప్రభుత్వం కట్టిన వెల ఇంత స్పష్టంగా కనిపించే పత్రం మరొకటి దొరకడం కష్టం.

ఇదే బాట మీద 1890లో రచయిత చేహోవ్ సఖాలిన్ ద్వీపానికి వెళ్లినప్పుడు ప్రయాణానికి దాదాపు పదకొండు వారాలు పట్టింది. మరుసటి ఏడాదే రైలుమార్గానికి శంకుస్థాపన జరిగింది. ఇండియా, చైనా, జపాన్‌లు చూసుకుంటూ వచ్చిన యువరాజు నికొలాయ్ (తరువాతి జార్ రెండవ నికొలాయ్), జపాన్‌లో తనమీద జరిగిన హత్యాయత్నం నుంచి బయటపడిన కొద్ది వారాలకే, 1891 మే 31న వ్లాదివొస్తోక్‌లో తోపుడుబండెడు మట్టి పోసి పనులు ప్రారంభించాడు. 1892లో ఆర్థికమంత్రి అయిన సెర్గేయ్ విట్టే దీన్ని తన జీవితకార్యంగా పెట్టుకున్నాడు. ఆయన దృష్టిలో ఈ మార్గానికి మూడు ప్రయోజనాలు: పసిఫిక్ తీరానికి సైన్యాన్ని చేర్చడం, చైనా వ్యాపారాన్ని యూరపుకు మళ్లించడం, ఉరల్ పర్వతాలకు పడమట భూమి చాలని రైతులను తూర్పున ఉన్న ఖాళీ నేలల్లో నాటడం. ఖర్చు తగ్గించడానికి తేలికపాటి పట్టాలతో, పలుచటి కంకరతో, ఒకే లైనుగా నిర్మించినందువల్ల మొదట్లో బళ్లు మెల్లగా నడిచేవి. సైనికులు, ఖైదీలు, చైనా కూలీలు కలిసి చేసిన పని ఇది. ఓబ్ నది మీద వంతెన కట్టిన చోట కూలీల గుడిసెలతో మొదలైన ఊరే ఈనాడు రష్యాలో మూడవ అతిపెద్ద నగరమైన నొవొసిబిర్స్క్.

దారి మధ్యలో బైకాల్ సరస్సు అడ్డం వచ్చింది. ఒడ్డు వెంట కొండలను తొలిచి లైను వేసేదాకా, ఇంగ్లండులో తయారై ముక్కలుగా తెచ్చి అక్కడే బిగించిన ‘బైకాల్’, ‘అంగారా’ అనే మంచు కోసే ఓడలు ప్రయాణికులనూ పెట్టెలనూ అవతలి ఒడ్డుకు దాటించేవి. 1904లో జపాన్‌తో యుద్ధం వచ్చి ఆ ఓడలు చాలకపోవడంతో, గడ్డకట్టిన సరస్సు మీదే పట్టాలు పరచి, పెట్టెలను గుర్రాలతో లాగించారు. ఆ ఏడాదే సరస్సు చుట్టూ లైను పూర్తయింది.

రైలు సైబీరియా నడిమికి చేరిన కొత్తలో దాన్ని వాడుకున్న ఒక జంటను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1897లో మూడేళ్ల ప్రవాస శిక్ష మీద యెనిసేయ్ నదీ ప్రాంతంలోని షుషెన్‌స్కొయె గ్రామానికి లెనిన్‌ను పంపారు. విడిగా ఊఫా నగరానికి ప్రవాస శిక్ష పడిన నదేజ్దా క్రుప్‌స్కాయా, తనను లెనిన్‌కు కాబోయే భార్యగా పేర్కొంటూ అక్కడికే పంపమని కోరింది. వెంటనే పెళ్లి చేసుకోవాలని, లేకుంటే తిరిగి ఊఫాకు పోవాలని షరతు పెట్టి అధికారులు ఒప్పుకున్నారు. 1898లో ఆమె తల్లిని వెంటబెట్టుకుని రైలులో క్రాస్నొయార్స్క్ దాకా వచ్చి, అక్కడినుంచి నదిమీద స్టీమరులో వెళ్లింది. ఆ జూలైలో ఊరి చర్చిలో పెళ్లి జరిగింది; సాటి ప్రవాసి ఒకడు రాగి నాణేలను కరిగించి ఉంగరాలు చేసి ఇచ్చాడు. 1900 ఆరంభంలో శిక్ష ముగిసి మంచుబళ్ల మీద మూడు వందలకు పైగా వెర్‌స్టులు (వెర్‌స్టు అంటే కిలోమీటరు కంటే కొంచెం ఎక్కువ) ప్రయాణించి రైలు అందుకున్నాక, ఆ రైలు దంపతులను ఊఫా వరకే కలిపి ఉంచింది. ఆమె శిక్ష ఇంకా మిగిలి ఉన్నందున ఆమె అక్కడే ఆగిపోయింది, అతడు ముందుకు సాగాడు.

ఇవి పేరున్న జంటలు. ఈ మార్గాన్ని నిజంగా నింపింది పేరులేని రైతు కుటుంబాలు. ప్రధానమంత్రి స్తొలీపిన్ భూసంస్కరణలు మొదలైన 1906 నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా 30 లక్షలకు పైగా జనం ఉరల్ దాటి తూర్పుకు వలస వెళ్లారు. ముందుగా ఊరి తరఫున నేల చూసి రావడానికి ‘ఖొదోక్’ అనే మనిషిని పంపేవారు. అతడు తెచ్చిన కబురు మీద ఇల్లూ వాకిలీ అమ్ముకుని కుటుంబాలు కదిలేవి. టికెట్టు ధర బాగా తగ్గించారు గాని, ఎక్కించింది మాత్రం ‘టెప్లూష్కా’ అనే పెట్టెల్లో. ఇది అసలు గూడ్సు పెట్టె: లోపల రెండు అంచెలుగా చెక్కబల్లలు, నడుమ ఇనుప పొయ్యి, జారుడు తలుపు, అంతే. ఒక్కొక్క పెట్టెలో కొన్ని కుటుంబాలు, వాటి మూటలు, విత్తనాల సంచులు, నూలు రాట్నాలు, పసిపిల్లల తొట్లు ఇమిడిపోయేవి. తరువాత వచ్చిన పెట్టెల్లో పశువులకూ పనిముట్లకూ వేరే భాగం ఉండేది. స్టేషన్లలో మరిగే నీళ్లు ఉచితంగా ఇచ్చే గదులుండేవి. బండి ఆగగానే స్త్రీలు కెటిళ్లతో అక్కడికి పరుగెత్తడం రోజువారీ పని. చెల్యాబిన్స్క్‌లో వలసదారుల కోసం వైద్యశాల, భోజనశాల, నమోదు కార్యాలయం ఉన్న పెద్ద విడిది ఏర్పాటు చేసినా, తట్టు, విరేచనాల వంటి రోగాలతో దారిలో పిల్లలు చనిపోవడం ఆగలేదు. వెళ్లినవారిలో లక్షలమంది నిలదొక్కుకోలేక తిరిగివచ్చారు కూడా. వలసను ఘనకార్యంగా చెప్పే గ్రంథాలు ఈ తిరుగు ప్రయాణాన్ని ఒక్క వాక్యంతో దాటవేయడం అన్యాయం. రెండుసార్లు ఖండాన్ని దాటి, రెండుచోట్లా ఇల్లు లేకుండా మిగిలిన ఆలుమగలు వారు.

అవే పట్టాల మీద విలాసమూ నడిచింది. 1900 పారిస్ ప్రదర్శనలో అంతర్జాతీయ స్లీపింగు పెట్టెల కంపెనీ తన సైబీరియా రైలును నమూనాగా నిలిపింది. సందర్శకులు నిలిచి ఉన్న పెట్టెలో కూర్చుంటే, కిటికీ బయట ఇసుక, గులకరాళ్లు, పొదలు, బొమ్మలు వేసిన పొడవాటి గుడ్డ పొరలు పొరలుగా వేర్వేరు వేగాలతో కదిలి, మాస్కో నుంచి పెకింగ్ దాకా వెళ్లిన అనుభూతిని ముప్పావు గంటలో కలిగించేవి. యూరపు సంపన్న దంపతులకు సైబీరియా ఒక విహారయాత్ర కాగలదన్న ఆశను మొదట నాటింది ఈ ప్రదర్శనే. ఆ ఆశకు యుద్ధాలు, విప్లవం అడ్డొచ్చాయి. మొదట మంచూరియా మీదుగా వెళ్లిన దారి జపాన్ చేతిలో 1905 ఓటమి తరువాత రష్యాకు నమ్మకమైనది కాకుండా పోయినందున, పూర్తిగా సొంత నేల మీదుగా ఆమూర్ లైనును నిర్మించి, 1916లో ఖబారొవ్‌స్క్ వంతెనతో ముగించారు. రష్యాకు, జపానుకు మధ్య పట్టాల మీదా ఓడల మీదా ప్రయాణం సాగుతూనే వచ్చింది. తెలుగువారు ‘ఓల్గా నుంచి గంగకు’ ద్వారా ఎరిగిన రాహుల్ సాంకృత్యాయన్ 1935లో జపాన్, కొరియా, మంచూరియాల మీదుగా సోవియట్ దేశానికి వెళ్లింది ఈ తోవనే.

1940 వేసవిలో లిథువేనియాలోని కౌనాస్ నగరంలో జపాన్ కాన్సల్ చియునె సుగిహారా, నాజీల బారి నుంచి పారిపోయివచ్చిన యూదులకు తన ప్రభుత్వపు ఆదేశాలను కాదని రెండు వేలకు పైగా వీసాలు రాసిచ్చాడు. ఒక్కొక్క వీసా మీద తరచుగా భార్య, పిల్లలు కూడా వెళ్లగలిగేవారు. సోవియట్ పర్యాటక సంస్థ ఇన్‌టూరిస్ట్ టికెట్ల సొమ్ము డాలర్లలోనే కట్టమనడం వల్ల, విదేశాల్లోని బంధువులూ సహాయ సంఘాలూ పంపిన డబ్బుతో ఆ కుటుంబాలు సైబీరియా దాటి వ్లాదివొస్తోక్‌లో ఓడెక్కి, జపాన్‌లోని త్సురుగా రేవులో దిగాయి. 1941 జూన్‌లో జర్మనీ దండయాత్రతో ఆ దారి మూసుకుపోయింది. ఈ మార్గం తన చరిత్రలో చేసిన అన్ని పనుల్లోకీ ఇదే గొప్పది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత విదేశీయులకు ప్రయాణం సాధ్యమైంది గాని, నౌకాదళ స్థావరమైన వ్లాదివొస్తోక్ దాకా కాదు. వారిని ఖబారొవ్‌స్క్ నుంచి నఖోద్కా రేవుకు మళ్లించి, అక్కడ యొకొహామా వెళ్లే ఓడ ఎక్కించేవారు. 1992లో గాని వ్లాదివొస్తోక్ బయటివారికి తెరుచుకోలేదు. ఈలోపు మరో దారి ఏర్పడింది. ఉలాన్‌బాతర్ మీదుగా మంగోలియాను దాటే లైను 1950ల నడుమ చైనాతో కలవగా, 1960 నాటికి పెకింగ్, మాస్కోల మధ్య నేరు రైలు ఆ తోవన నడవసాగింది. 7,600 కిలోమీటర్లకు పైగా దూరాన్ని దాదాపు ఆరు రోజుల్లో దాటే ఈ రైలులోని పై తరగతిలో ఇద్దరికే సరిపడే గదులుండేవి: కిందొక బెర్తు, పైనొక బెర్తు, ఒక కుర్చీ, పక్క గదితో పంచుకునే స్నానపు గది. ఆసియా మీదుగా దంపతుల యాత్ర అనగానే ఈనాటి పాఠకుడి మనసులో మెదిలే చిత్రం చాలావరకు ఈ గదిదే.

ఈ రైలు సరిహద్దు దాటే తీరు ఆసక్తికరం. రెండు పట్టాల మధ్య ఎడాన్ని గేజి అంటారు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లయితే రష్యా, మంగోలియాలది 1,520, చైనాది 1,435. ఎనభై అయిదు మిల్లీమీటర్ల ఈ తేడా వల్ల చైనా సరిహద్దు ఊరైన ఎర్లియాన్‌లో రైలును పెద్ద షెడ్డులోకి తోసి, పెట్టెలను ఒకదానినుంచి ఒకటి విడదీసి, ప్రయాణికులు లోపల ఉండగానే జాకీలతో పైకి లేపేవారు. కింద ఉన్న చక్రాల చట్రాలను పక్కకు దొర్లించి, రెండో గేజి చట్రాలను ఆ చోటుకు తోసి, పెట్టెను మళ్లీ దించి బిగించేవారు. ఇందుకు కొన్ని గంటలు పట్టేది. అదే సమయంలో పాస్‌పోర్టుల తనిఖీ కూడా సాగేది. చట్రాలు మారడం ఎంత తప్పనిసరో ముద్ర పడడమూ అంతే తప్పనిసరి.

సైబీరియా దంపతుల చరిత్రలో రైలు తెచ్చిన మార్పు ప్రయాణపు కాలంలోనే ఎక్కువ, అనుమతి విషయంలో తక్కువ. వారాలు రోజులయ్యాయి, గుర్రాల స్థానంలో 2002 నాటికి దారి పొడవునా విద్యుత్ ఇంజన్లు వచ్చాయి. అయినా ఇద్దరు కలిసి అవతలి కొసకు చేరడం అన్ని కాలాల్లోనూ సరిహద్దు అధికారి చేతి కాగితం మీదే నిలిచింది. దాదాపు అరవై ఏళ్లు నడిచిన పెకింగ్–మాస్కో ప్రయాణికుల రైలు 2020లో కరోనా వ్యాధి కారణంగా సరిహద్దులు మూయడంతో నిలిచిపోయింది. అదే పట్టాల మీద సరుకు బళ్లు మాత్రం నడుస్తూనే వచ్చాయి.