మన వైద్యం – 7: ఎవరి చెట్టు, ఎవరి మందు?



మంత్రసానుల మీద రాసిన భాగం చదివి, "అన్నా, మన పసరు వైద్యం గొప్పతనం ఇంకా రాయి" అని చాలామంది అడిగారు. రాస్తా. ముందు ఒకసారి దక్షిణాఫ్రికా వెళ్లొద్దాం.

అక్కడ మొక్కలతో వైద్యం చేసేవాళ్లను జులూ భాషలో ఇన్యాంగా అంటారు. తెల్లవాళ్ల పాలనలో నల్లవాళ్ల వైద్యమంటే సగం మూఢనమ్మకం, సగం నేరం. అదే వేరు సీసాలోకి ఎక్కితే మాత్రం వ్యాపారం! చార్లెస్ స్టీవెన్స్ అనే ఇంగ్లీషువాడు 1897లో క్షయతో అక్కడికి వెళ్లాడు. ఒక నల్లజాతి వైద్యుడు పెలార్గోనియం వేరు కషాయం తాగించాడు. కోలుకున్న స్టీవెన్స్ ఇంగ్లండు తిరిగొచ్చి దాన్ని అమ్ముకున్నాడు. సీసా మీద పేరు స్టీవెన్స్‌దే. వందేళ్ల తర్వాత ఒక జర్మన్ కంపెనీ ఆ వేరు మీద పేటెంట్ పట్టింది. ఈస్టర్న్ కేప్‌లోని ఆలిస్ ఊరి జనం ఎదురుతిరిగారు. 2010లో ఆ పేటెంట్ రద్దయింది.

ఇక్కడిదాకా మనకు తెలిసిన కథే. తర్వాతిదే మింగుడుపడదు.

ఎయిడ్స్ వచ్చింది. నీరసానికి, ఆకలి చచ్చిపోవడానికి, బరువు తగ్గడానికి పేదలు సదర్లాండియా ఆకు, 'ఆఫ్రికన్ పొటాటో' అనే దుంప వాడుకున్నారు. వేరే దారేముంది? మూడు మందుల చికిత్సకు అప్పట్లో ఏడాదికి పది వేల డాలర్ల పైమాటే. 2001లో మన సిప్లా 350 డాలర్లకే ఇస్తానంది. అయినా అక్కడి ప్రభుత్వం కదల్లేదు. ఎయిడ్స్‌కు కారణం వైరస్సేనా అని అధ్యక్షుడు ఎంబెకీకే అనుమానం! ఆరోగ్య మంత్రి మాంటో షబలాలా-సిమాంగ్ వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయ, ఆ దుంప తినమంది. ఆమె తెల్లదొర కాదు. వర్ణవివక్ష మీద పోరాడి ప్రవాసంలో బతికిన మనిషి, పైగా డాక్టరు. మన సంప్రదాయం పేరు చెప్పి మనవాళ్లే మనకు మందు అందకుండా చేయగలరు.

ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ కోర్టుకెక్కింది. గర్భిణులకు నెవిరాపిన్ ఇవ్వాల్సిందేనని 2002 జూలైలో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. ఆ సంఘం నాయకుడు జాకీ అక్మత్‌కూ హెచ్‌ఐవి ఉంది. పేదలకు అందేదాకా నేనూ మింగనని 2003 దాకా మాత్రలు ముట్టలేదు. ఆ జాప్యానికి 3,30,000 మందికి పైగా బలయ్యారని 2008లో హార్వర్డ్ పరిశోధకులు లెక్కగట్టారు.

మరి ఆ మొక్కలు? సదర్లాండియాను తర్వాత రోగుల మీద పరీక్షించారు. వైరస్ తగ్గలేదు. ఈ రెండు మొక్కలూ శరీరంలో ఎయిడ్స్ మందుల పనికి అడ్డుపడొచ్చని ల్యాబు పరీక్షల్లో తేలింది. ఆకలి పుట్టించే ఆకు వేరు, వైరస్‌ను ఆపే మందు వేరు.

మన ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్‌లో మొదలైంది. అంతకుముందు మా పేటలో పసరు తాగినవాళ్లను నేను తప్పుపట్టను. తర్వాత జరిగిందే నన్ను నిద్రపోనివ్వదు. మా పెద్దమ్మ కొడుకు మాత్రలు వేసుకుని పనికి పోయే స్థితికొచ్చాడు. మూలికలతో పూర్తిగా పోగొడతానని ఒకడొచ్చాడు. మాత్రలు ఆపితేనే పనిచేస్తుందన్నాడు. అన్న ఆపేశాడు. రెండు మేకలమ్మి డబ్బు కట్టారు. ఏడాది తిరక్కుండానే టీబీతో పోయాడు.

వదిన ఇప్పటికీ మాత్రలు వేసుకుంటోంది. పెరట్లో తిప్పతీగ కూడా ఉంది. అది వాడాలనుకున్నప్పుడు ముందు ఏఆర్‌టీ సెంటర్‌లో అడుగుతుంది. మీ ఇళ్లలోనూ అడగమనండి.

వచ్చే భాగంలో హూడియా మొక్క, సాన్ ప్రజల పేటెంట్ పోరాటం.