ద్రవములకు తగిన పాత్ర

కళాయి లేని ఇత్తడి గిన్నెలో అక్కుపల్లి ఇల్లాలు చింతపండు పులుసు నిలువ ఉంచదు. పులుపు లోహమును తినును, పులుసు చెడును. రసాయన ద్రవములను మోయు ఓడలకును ఇదే చిక్కు.

నార్వే దేశమున బెర్గెన్ నగరములో ఓడ్‌ఫెల్ కుటుంబము 1914లో ఓడల వ్యాపారము ప్రారంభించినది. 1950ల చివర ఆ సంస్థ రసాయనముల రవాణాకు పూనుకొన్నది. ఆమ్లములు సామాన్యపు ఉక్కు తొట్లను తినివేయును. తుప్పు సరకును చెరచును. అందుచే 1960లో ‘లిండ్’ అను ఓడకు స్టెయిన్‌లెస్ స్టీలు తొట్లు అమర్చిరి. ఈ ఉక్కులోని క్రోమియము ఆక్సిజనుతో కూడి, పలుచని పొరయై లోహమును కాపాడును. నేటి రసాయన నౌకలలో తొట్టి తొట్టికి వేరు పంపు, వేరు గొట్టము ఉండుటచే అనేక ద్రవములు కలియక ప్రయాణము చేయును. 1960ల చివర ఈ సంస్థయే ఒడ్డున నిలువ తొట్లను గూడ నెలకొల్పసాగినది.

ఐనను మంచి తొట్టి ఒక్కటియే చాలదు. స్టైరీను అను ద్రవము వేడెక్కినచో దాని అణువులు గొలుసులుగా కూడును. ఆ కూడికలో మరింత వేడి పుట్టును. కావున నిరోధక ద్రవ్యము కలిపి, చల్లగా ఉంచి, ఎల్లప్పుడు కనిపెట్టవలెను. 2020 మే 7న విశాఖపట్నము వద్ద వెంకటాపురమున కర్మాగారపు తొట్టిలోని స్టైరీను వేడెక్కి, ఆవిరి ఊరిపై వ్యాపించగా 12 మంది మరణించిరి.

టెక్కలి తీరమున మూలపేట రేవు నిర్మాణమునకు 2023లో శంకుస్థాపన జరిగినది. ఏ రేవునకు ఏ ద్రవము దిగినను, దాని గుణమును తొట్టి కాపరియే గాక చుట్టుపట్ల గ్రామములవారును ఎరిగియుండుట మేలు.