కానుకా, కప్పమా?: కాకతీయ దౌత్యంలో ఏనుగులు, గుర్రాలు

వ్యాససంగ్రహం

రాజ్యాల మధ్య జంతువులను కానుకగా పంపడం ప్రపంచ దౌత్యచరిత్రలో ప్రాచీనమైన ఆచారం. కాకతీయ రాజ్యంలో ఈ ఆచారానికి ఏనుగు, గుర్రం కేంద్రంగా నిలిచాయి. 1310 నుంచి 1323 వరకు ఓరుగల్లు నుంచి ఢిల్లీకి తరలిన ఏనుగులను చరిత్రరచన సాధారణంగా ఓటమికి చెల్లించిన మూల్యంగానే పరిగణిస్తుంది. ఆ జంతువులు ఎక్కడి నుంచి సమకూరేవి, ఎవరికి అవి అపురూపం, వాటిని ఇవ్వడం వల్ల రాజ్యం ఏం పొందింది, ఏం పోగొట్టుకుంది అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ కానుకలు ప్రతాపరుద్రునికి పదమూడేళ్ల వ్యవధిని సంపాదించిపెట్టిన దౌత్యసాధనాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాకతీయులు, ప్రతాపరుద్రుడు, ఏనుగులు, గుర్రాలు, మోటుపల్లి, కప్పం, దౌత్యం.

1. ఉపోద్ఘాతం

క్రీ.పూ. 303 ప్రాంతంలో చంద్రగుప్త మౌర్యుడు సెల్యూకస్‌తో సంధి చేసుకొని 500 ఏనుగులను ఇచ్చాడని గ్రీకు రచయితలు పేర్కొన్నారు. బాగ్దాదు ఖలీఫా హారూన్ అల్ రషీద్ పంపిన ఏనుగు 802లో చార్లెమేన్ ఆస్థానానికి చేరింది. 1414లో బెంగాల్ సుల్తాను చైనా చక్రవర్తికి జిరాఫీని పంపగా, అక్కడివారు దానిని శుభసూచకమైన దివ్యమృగంగా భావించారు. 1515లో గుజరాత్ సుల్తాను పోర్చుగీసువారికి ఇచ్చిన ఖడ్గమృగం లిస్బన్ చేరింది. అక్కడి నుంచి పోపునకు కానుకగా వెళ్తూ మరుసటి ఏడాది ఓడ మునిగి చనిపోయింది.

ఈ ఉదంతాలన్నిటిలో ఒక సామాన్యలక్షణం ఉంది. ఇచ్చేవారి నేలలో దొరికి, పుచ్చుకొనేవారి నేలలో దొరకని జంతువుకే కానుకగా విలువ. కనుక 'అపురూప జంతువు' అనే మాటకు స్థిరమైన అర్థం లేదు. అది ఇద్దరు పాలకుల మధ్య ఉన్న దూరాన్ని బట్టి ఏర్పడుతుంది. ఈ సూత్రాన్ని తెలుగు నేలకు అన్వయించి చూడడానికి కాకతీయ యుగం అనువైనది.

2. ఓరుగల్లుకు ఉత్తరాన: శిల్పంలో ఏనుగు

నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మొగుళ్లపల్లి ప్రాంతం ఓరుగల్లు రాజధానికి, గోదావరి అడవులకు మధ్య ఉంది. దీనికి తూర్పున గణపురంలో కోటగుళ్లు, అక్కడికి దక్షిణాన పాలంపేటలో రామప్ప దేవాలయం ఉన్నాయి. రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రామప్ప గుడిలో అధిష్ఠానం చుట్టూ ఏనుగుల వరుస సాగుతుంది. కోటగుళ్లలో ఏనుగుపై నిలిచిన గజకేసరి శిల్పాలు ప్రసిద్ధం. ఈ శిల్పాలలో ఏనుగు అలంకారం కావడంతోపాటు రాజ్యబలానికి చిహ్నం కూడా.

ఆ బలం అడవి మీద ఆధారపడింది. ఏనుగులు బంధనంలో అరుదుగా ఈనుతాయి. పుట్టిన పిల్ల పనికి రావడానికి ఏళ్లు పడుతుంది. అందువల్ల ప్రాచీన రాజ్యాలు ఎదిగిన ఏనుగులను అడవి నుంచే పట్టేవి. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో గజవనాలను రక్షించమన్నాడు, కళింగ ప్రాంతపు ఏనుగులను ఉత్తమజాతిగా లెక్కించాడు. యుద్ధగజాల అవసరం వల్లనే భారతీయ రాజులు అడవులను కాపాడారని థామస్ ట్రాట్‌మన్ 2015లో వెలువడిన గ్రంథంలో వాదించాడు. తూర్పు కనుమలకు, గోదావరికి చేరువలో ఉన్న రాజ్యానికి ఇది సహజమైన సంపద. ఢిల్లీకి ఆ సౌలభ్యం లేదు. సుల్తానులకు ఏనుగులు ప్రధానంగా బెంగాల్, ఒడిశా, దక్షిణాపథాల నుంచే రావాలి.

3. మోటుపల్లి: సముద్రం దాటి వచ్చిన జంతువులు

గుర్రం విషయం దీనికి విపర్యయం. దక్కను వాతావరణం, మేత మేలుజాతి గుర్రాల పెంపకానికి అంతగా అనుకూలించవు. అవి అరేబియా, పర్షియా రేవుల నుంచి ఓడలలో రావలసిందే. తమిళ తీరపు రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలు కొనేవారని, సరైన పోషణ తెలియక ఏడాది తిరిగేసరికి వాటిలో అతి కొద్ది మాత్రమే మిగిలేవని మార్కోపోలో రాశాడు.

గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనం ఈ వర్తకానికి ముఖ్యమైన ఆధారం. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారని, తాము మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని శాసనం హామీ ఇస్తుంది. ఆ సరకులలో బంగారం, రత్నాలతోపాటు ఏనుగులు, గుర్రాలు కూడా ఉండడం గమనార్హం. సొంత అడవులు చేరువలో ఉన్న రాజ్యం కూడా సముద్రం మీదుగా వచ్చే ఏనుగులను సరకుగా గుర్తించింది.

ఈ వర్తకం కాకతీయుల తర్వాతా కొనసాగింది. శ్రీనాథుని హరవిలాసం కృతిభర్త అవచి తిప్పయసెట్టి సింహళం నుంచి ఏనుగులను, హురుముంజి నుంచి గుర్రాలను తెప్పించినట్లు ఆ కావ్యావతారిక తెలుపుతుంది. కర్పూరం, పట్టువస్త్రాలతోపాటు జంతువులను కూడా ఒకే వర్తకుడు రాజాస్థానాలకు అందించాడన్నమాట.

4. ఓరుగల్లు నుంచి ఢిల్లీకి (1310–1323)

అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ 1310 ఆరంభంలో ఓరుగల్లును ముట్టడించాడు. మట్టికోట పడిపోయాక ప్రతాపరుద్రుడు సంధికి సిద్ధమయ్యాడు. మెడలో బంగారు గొలుసు వేసిన తన స్వర్ణప్రతిమను రాజు పంపాడని అమీర్ ఖుస్రో వర్ణించాడు. నూరు ఏనుగులు, 7,000 గుర్రాలు, విస్తారమైన రత్నాలు ఇచ్చాడని జియావుద్దీన్ బరనీ పేర్కొన్నాడు. మార్చిలో బయలుదేరిన సేన జూన్‌లో ఢిల్లీ చేరింది. అంటే ఏనుగులు మండువేసవిలో సుమారు మూడు నెలలు నడిచాయి. ఒక్కొక్క ఏనుగుకు రోజుకు దాదాపు 150 కిలోల మేత, పుష్కలంగా నీరు కావాలి. కాబట్టి ఏనుగులతోపాటు వాటి భాష, తిండి, రోగాలు తెలిసిన మావటీలూ వెళ్లి ఉండాలి. ఆస్థాన చరిత్రకారులు ఏనుగులను లెక్కించారు గాని మావటీలను లెక్కించలేదు.

అటుపిమ్మట ప్రతాపరుద్రుడు మరో ఇరవై ఏనుగులను ఒక లేఖతో ఢిల్లీకి పంపాడని బరనీ చెబుతాడు. ఒప్పుకున్న ధనాన్ని దేవగిరిలో సుల్తాను నియమించినవారికి చెల్లించడానికి సిద్ధంగా ఉన్నానని ఆ లేఖ సారాంశం. ముట్టడి లేనప్పుడు, లేఖతో కలిసి వెళ్లిన ఈ ఇరవై ఏనుగులు దౌత్యకానుక అనే మాటకు మిక్కిలి దగ్గరగా ఉన్నాయి.

1318లో ఖుస్రో ఖాన్ దండయాత్ర తర్వాత ఏటా నూరుకు పైగా ఏనుగులు, 12,000 గుర్రాలు చెల్లించడానికి ఒప్పందం కుదిరిందని అమీర్ ఖుస్రో 'నుహ్ సిపిహర్'లో రాశాడు. ప్రతిగా ప్రతాపరుద్రునికి ఛత్రం మొదలైన రాజలాంఛనాలు లభించాయి.

ఈ అంకెలన్నీ విజేతల ఆస్థానంలో రాసినవి. వాటిలో అతిశయోక్తికి అవకాశం ఎక్కువ. అయినా మూడు సందర్భాలలోనూ ఏనుగు ముందుండడం యాదృచ్ఛికం కాదు. ఢిల్లీ సుల్తానత్ బలానికి గుర్రాలు, ఏనుగుల సరఫరాపై ఆధిపత్యమే పునాది అని సైమన్ డిగ్బీ 1971లో నిరూపించే ప్రయత్నం చేశాడు. ఓరుగల్లు కప్పం ఆ వాదానికి బలమైన ఉదాహరణ.

5. ఒకే జంతువుకు రెండు పేర్లు

సామ దాన భేద దండోపాయాలలో దానం రెండవది. బలవంతుని ఎదుట ధనమిచ్చి రాజ్యాన్ని నిలుపుకోవడం నీతిశాస్త్రం అంగీకరించిన మార్గమే. ఢిల్లీ దృష్టిలో ఏనుగు విధేయతకు రుజువు. ఓరుగల్లు దృష్టిలో అది దానోపాయం. ఏ పేరు సరైనదో తేల్చడానికి తర్వాతి పరిణామాలను చూడాలి.

1310 తర్వాత కాకతీయ రాజ్యం కుప్పకూలలేదు. 1316 ప్రాంతంలో ప్రతాపరుద్రుని సేనాని ముప్పిడినాయకుడు కంచి వరకు వెళ్లి దానిని వశపరచుకున్నాడు. నూరు ఏనుగులను కోల్పోయిన రాజ్యం ఆరేళ్లలో దక్షిణదిగ్విజయానికి పూనుకోగలిగిందంటే, ఆ కానుక రాజ్యానికి వ్యవధిని సంపాదించిపెట్టిందని చెప్పాలి.

అయితే ఈ ఉపాయానికి ఒక హద్దు ఉంది. రత్నాలు ఖజానాలోంచి తీసి ఇవ్వవచ్చు. ఏనుగును ఇస్తే సైన్యంలోంచే ఇవ్వాలి. గుర్రాన్ని ఇస్తే మోటుపల్లి వంటి రేవులలో బంగారం పోసి కొన్నదానిని ఇవ్వాలి. ఈ రెండూ పుచ్చుకొన్నవాని సైన్యంలో చేరి మరుసటి దండయాత్రకు పనికివస్తాయి. ఒకసారి ఇస్తే వ్యవధినిచ్చే కానుక, ఏటా ఇస్తే ఇచ్చేవాని బలాన్ని పుచ్చుకొనేవానికి బదిలీ చేస్తుంది. కానుకకు, కప్పానికి ఉన్న అసలు భేదం ఇక్కడే ఉంది.

1323లో ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును జయించాడు. బందీ అయిన రాజును, ఏనుగులను, ధనాన్ని కలిపి ఢిల్లీకి పంపినట్లు బరనీ వర్ణించాడు. ఏనుగులను పంపిన రాజు చివరకు ఏనుగులతోపాటే పంపబడ్డాడు. ప్రతాపరుద్రుడు నర్మదాతీరంలో మరణించాడని ప్రోలయనాయకుని విలస తామ్రశాసనం తెలుపుతుంది. అక్కడి నుంచి జాజ్‌నగరంపైకి, అంటే ఒడిశాపైకి వెళ్లిన ఉలుగ్ ఖాన్ నలభై ఏనుగులను తెచ్చి తండ్రికి పంపాడు.

6. అనంతరకాలం

గోల్కొండ కుతుబ్‌షాహీలకు పర్షియాతో ఉన్న సంబంధాలలో ఈ విషయం మరో రూపంలో కనిపిస్తుంది. 17వ శతాబ్ది ఆరంభంలో షా అబ్బాసు రాయబారి తెచ్చిన కానుకలలో రత్నకిరీటంతోపాటు గుర్రాలు ఉన్నాయి. అక్కడ ముట్టడి లేదు, బెదిరింపు లేదు. దూరం మాత్రమే ఉంది.

ఆధునిక కాలంలో హైదరాబాదు జంతు కానుకలను పుచ్చుకొనే స్థానానికి వచ్చింది. 2012లో నగరంలో జరిగిన జీవవైవిధ్య సదస్సు సమయంలో సౌదీ యువరాజు ఒకరు నెహ్రూ జంతుప్రదర్శనశాలకు ఆఫ్రికా సింహాలను, చీతాలను ఇస్తామని ప్రకటించారు. 2013లో అవి వచ్చాయి. స్వదేశీ చీతా అంతరించిందని భారతదేశం 1952లోనే ప్రకటించింది కనుక ఈ కానుకకు ప్రత్యేక విలువ ఉంది. ఆడచీతా హీబా 2020లో, మగచీతా అబ్దుల్లా 2023 మార్చిలో మరణించాయి.

2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చిన ఒక అడవి ఏనుగు ఇద్దరు రైతులను చంపింది. ఏనుగు ఎదురైతే ఏం చేయాలో ఆ పల్లెలకు తెలియదు. ఒకప్పుడు ఇతరులకు అపురూపమైన ఏనుగులను పంపిన తెలంగాణకు నేడు ఏనుగే అపురూపమైంది.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. కాకతీయ దౌత్యంలో ఏనుగు వెలుపలికి వెళ్లిన సంపద, గుర్రం వెలుపలి నుంచి వచ్చిన సంపద. మొదటిది అడవిపై, రెండవది సముద్రంపై ఆధారపడింది.

2. 1310 నాటి కానుకను ఓటమికి గుర్తుగా మాత్రమే చూడడం అసంపూర్ణం. తర్వాతి కంచి విజయం దాని రాజకీయ ప్రయోజనాన్ని చూపుతుంది.

3. కానుక ఏటేటా చెల్లించవలసిన కప్పంగా మారినప్పుడు, ఇచ్చినవాని బలమే అతనిపై ప్రయోగానికి సాధనమైంది.

4. రాజులను, సంఖ్యలను నమోదు చేసిన ఆధారాలు జంతువుల వెంట నడిచిన మావటీలను, వాటిని పెంచిన అడవులను విస్మరించాయి. రామప్ప అధిష్ఠానంపై వరుసగా సాగే ఏనుగులను చూసేటప్పుడు ఆ విస్మృత చరిత్రను కూడా గుర్తుచేసుకోవడం అవసరం.