ఒకే ఆల్బమ్, ఎన్ని తీర్పులు!

2022 డిసెంబరు 11, ఆదివారం. లాస్ ఏంజెలెస్ సినిమా విమర్శకుల సంఘం ఆ ఏటి మేటి పనులకు ఓట్లు వేసుకుంటోంది. 1975లో పుట్టిన సంఘం అది. ఓట్ల రోజున అక్కడ ఎర్ర తివాచీలుండవు, కవర్లు చింపడాలుండవు. ఒక్కో విభాగం తేలగానే పేరు అప్పట్లో ట్విట్టర్‌లో పెట్టేసేవారు. మధ్యలో తిండికి లేస్తారు. మళ్లీ వచ్చి కూర్చుంటారు.

సంగీతం వంతు వచ్చింది. రెండో స్థానం ‘బాబిలోన్’ చేసిన జస్టిన్ హర్విట్జ్‌ది. ‘లా లా ల్యాండ్’తో ఒకే రాత్రి రెండు ఆస్కార్లు పట్టుకెళ్లిన మనిషి ఆయన. ఆయన్ని దాటి మొదటి స్థానంలో నిలిచిన పేరు ఎం.ఎం. కీరవాణి. సినిమా ‘ఆర్ఆర్ఆర్’.

అనకాపల్లి జిల్లా చోడవరంలో అప్పటికి అర్ధరాత్రి వేళ. తెల్లారేసరికి వార్త ఫోన్లలో ఉంది. కాంప్లెక్స్ దగ్గర టీకొట్టు. పెళ్లిళ్లకు బ్యాండు కట్టే పెద్దాయన గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. పక్కన ఆయన మేనల్లుడు ఫోన్‌లో తల దూర్చి ఉన్నాడు.

‘‘మావా, మన కీరవాణికి అమెరికావోళ్లు ఫస్టు మార్కేసినారట.’’

‘‘దేనికిరా? నాటు పాటకా?’’

‘‘పాటక్కాదట. మొత్తం మ్యూజిక్కుకి.’’

‘‘మొత్తమంటే ఏట్రా?’’

కుర్రాడి దగ్గర జవాబు లేదు. (టీకొట్టు మాటలు గాథ కోసం నేను కూర్చినవి. మిగతా పేర్లూ తేదీలూ ఫలితాలూ ఉన్నవి ఉన్నట్టే.) పెద్దాయన అడిగింది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. ఈ ఆల్బమ్‌కి మార్కులు వేసిన వాళ్లెవరూ ఆ ‘మొత్తం’ దగ్గర ఒక మాట మీద నిలబడలేదు.

ఏడాది వెనక్కి వెళ్దాం.

పాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 2021 ఆగస్టు 1న, స్నేహితుల రోజని ‘దోస్తీ’. నవంబరు 10న ‘నాటు నాటు’. అదే నెలలో ‘జనని’. డిసెంబరు 24న ‘కొమురం భీముడో’. సినిమా 2022 జనవరి 7న రావాలి. కరోనా మూడో అల అడ్డుపడింది. వచ్చింది మార్చి 25న. అంటే నాటు పాట మన చెవుల్లో పడిన నాలుగున్నర నెలలకు గానీ తెర మీద పూర్తిగా కనబడలేదు.

ఈలోపే మార్కులు పడిపోయాయి. మన దగ్గర పాటల సమీక్ష అంటే లిరికల్ వీడియో దిగిన పూటే తేలిపోయే వ్యవహారం. ఐదుకి ఇన్ని చుక్కలు, రెండు ముక్కలు, అయిపోయింది. స్టెప్పు అదిరింది, మాస్ పాట, థియేటర్లో ఈలలు ఖాయం. నాటు పాట గురించి అప్పట్లో చాలామంది అన్న మాట ఇంతే. తప్పని అనను. కానీ ఇలాంటి మాట ఏ పాటకైనా అతుకుతుంది.

ఒకప్పుడు ఇలా లేదు. ‘విజయచిత్ర’లో వి.ఎ.కె. రంగారావు ‘ఆలాపన’ శీర్షిక రాసేవారు. వేల గ్రామఫోను రికార్డులు పోగేసిన చెవి అది. బాణీకి మూలం ఎక్కడుందో, పదం ఎక్కడ విరిగిందో విప్పి చెప్పేవారు. మొహమాటం తక్కువ. ఆయనతో పేచీ పడటానికి కూడా ఆ పాటను మరోసారి వినాల్సి వచ్చేది. చుక్కలతో పేచీ పడటానికి వినక్కర్లేదు.

ఇంతకీ నాటు పాట ఎలా పుట్టిందో, రాసిన చంద్రబోస్ చాలాచోట్ల చెప్పారు. తొంభై శాతం సగం రోజులో వచ్చేసిందట. మిగతా పది శాతానికి ఏడాది ఏడు నెలలు. వరంగల్ ప్రాంతంలోని చల్లగరిగె ఆయన ఊరు. ఇంజినీరింగ్ చదివి, 1995లో ‘తాజ్‌మహల్’తో పాటల్లోకి వచ్చారు. నాటు పాటలోని తిండీ ఆటా జాతరా అన్నీ ఆ ఊరి బాల్యం నుంచి తెచ్చుకున్నవే. కీరవాణి దాన్ని ఆరు-ఎనిమిది నడకలో పెట్టారు. తెలుగు పల్లె కాలు ఎవరూ నేర్పకుండానే పట్టుకునే నడక అది. డప్పు పట్టిన చేతికి దాని పేరు తెలియకపోవచ్చు, దెబ్బ మాత్రం తెలుసు. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడారు. 2021 ఆగస్టులో కీవ్‌లో, ఉక్రెయిన్ అధ్యక్షుడి మరీన్‌స్కీ భవనం ముందు చిత్రీకరించారు. ఇంకో ఆరు నెలలకే ఆ నగరం మీద బాంబులు పడ్డాయి.

చోడవరానికి ఈ సినిమాతో వేరే చుట్టరికం ఉంది. వడ్డాది, మాడుగుల మీదుగా పాడేరు ఘాటెక్కే దారి ఈ ఊళ్లోంచే పోతుంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేసిన అల్లూరి సీతారామరాజు తిరిగిన మన్యం ఆ పైనే. ఈ సినిమాలో రాజమౌళి చెప్పిన అల్లూరి కథ కల్పితమే. అయినా ‘మన అల్లూరి’ అనే థియేటర్లకు వెళ్లారు. సినిమా వచ్చిన పది రోజులకు, 2022 ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా పుట్టింది. అదే రోజు చోడవరం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారింది. యాదృచ్ఛికమే గానీ, చెప్పకుండా ఉండలేకపోయాను.

సెప్టెంబరు 20న ఓ చేదు వార్త. ఆస్కార్‌కు మన దేశం తరఫున వెళ్లేది గుజరాతీ ‘ఛెల్లో షో’. ‘ఆర్ఆర్ఆర్’ కాదు. పది రోజులకు, సెప్టెంబరు 30న, లాస్ ఏంజెలెస్ చైనీస్ థియేటర్‌లో సినిమా వేశారు. నాటు పాట రాగానే జనం కుర్చీలు వదిలి తెర ముందుకు వెళ్లి గంతులేశారు. వాళ్లలో ఎక్కువమందికి తెలుగు ముక్క రాదు. ఆ ఊరి విమర్శకులు డిసెంబరులో ఓటు వేసేనాటికి ఇదంతా వాళ్ల కళ్ల ముందు జరిగిందే.

ఇక్కడ నాకు తోచింది చెప్తాను. మనం లిరికల్ వీడియోకు మార్కులు వేశాం. వాళ్లు మూడు గంటలు చీకట్లో కూర్చుని విన్నదానికి వేశారు. నిప్పూ నీరూ కలిసే వంతెన దగ్గర, జంతువులు కోట గేటు దూకే చోట, కొరడా దెబ్బల నడుమ గొంతు లేచే చోట మోగిందంతా వాళ్ల లెక్కలోకి వచ్చింది. బ్యాండు పెద్దాయన అడిగిన ‘మొత్తం’ అదే.

అయితే మురిసిపోవడానికి గడువు పది రోజులే దొరికింది. డిసెంబరు 21న ఆస్కార్ అకాడెమీ తొలి వడపోత జాబితాలు వచ్చాయి. నేపథ్య సంగీతం విభాగంలో పదిహేను సినిమాలు. ‘ఆర్ఆర్ఆర్’ లేదు! విమర్శకుల బల్ల మీద మొదటి స్థానం, అకాడెమీ సంగీతజ్ఞుల బల్ల మీద మొదటి పదిహేనులో కూడా చోటు లేదు. అదే రోజు పాటల జాబితాలో మాత్రం ‘నాటు నాటు’ ఉంది. ఒకరికి వినబడింది మరొకరికి వినబడలేదనుకోవాలా? అంతకన్నా, ఎవరు దేన్ని తూచారన్నది చూడాలి.

ఆ తర్వాత సంగతులు మీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. 2023 జనవరి 10న గోల్డెన్ గ్లోబ్. విదేశీ పత్రికల విలేకరులు ఓటు వేసేది. టేలర్ స్విఫ్ట్, లేడీ గాగా, రియానా పాటలను ‘నాటు నాటు’ దాటింది. 15న క్రిటిక్స్ ఛాయిస్‌లో ఉత్తమ గీతం. మార్చి 12 రాత్రి, మనకు 13 సోమవారం ఉదయం, ఆస్కార్. ఒక భారతీయ చిత్రంలోని పాటకు ఆ బహుమతి రావడం అదే మొదలు. చిన్నప్పుడు కార్పెంటర్స్ పాటలు వింటూ పెరిగానని కీరవాణి వేదిక మీద చెప్పి, వాళ్ల బాణీలోనే నాలుగు ముక్కలు పాడారు.

టీకొట్టు దగ్గర ఆ ఉదయం:

‘‘ఇప్పుడేటంటావు మావా?’’

‘‘ఏటంటాను? పోనేడాది నుంచీ ఊరేగింపులో రెండుమూడు తడవలు ఇదే అడుగుతున్నారు. మా ట్రంపెట్టోడి మూతి వాసిపోనాది. మాకెప్పుడో తెలుసు.’’

‘‘మరి కొమురం పాట?’’

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. ‘‘అది పెళ్లిలో ఊదీ పాటేట్రా? అది ఇంటికెళ్లి ఒక్కడివీ కూచుని ఇనాల.’’

2023 ఆగస్టు 24న మన జాతీయ అవార్డుల జ్యూరీ నోరు విప్పింది. 2021లో సెన్సార్ పూర్తయిన సినిమాలకు. ‘ఆర్ఆర్ఆర్’కు ఆరు వచ్చాయి. అందులో నేపథ్య సంగీతానికి కీరవాణికి ఒకటి. అకాడెమీ జాబితాలోకే ఎక్కనిది, ఢిల్లీలో మొదటిదైంది. గాయకుడి అవార్డు కాలభైరవకు. నాటు పాటకు కాదు, సుద్దాల అశోక్‌తేజ రాసిన ‘కొమురం భీముడో’కు. పాటల బాణీల అవార్డు ‘పుష్ప’కు దేవిశ్రీప్రసాద్ తీసుకెళ్లారు. నాటు పాట అడుగులు కూర్చిన ప్రేమ్ రక్షిత్‌కు నృత్య దర్శకత్వ అవార్డు.

గీత రచన? చంద్రబోస్‌కే. కానీ ఆస్కార్ తెచ్చిన పాటకు కాదు. క్రిష్ తీసిన ‘కొండపొలం’లోని ‘ధమ్ ధమ్ ధమ్’కు. 2021 అక్టోబరు 8న వచ్చిన సినిమా అది. దాని సంగీతమూ కీరవాణిదే. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల, నల్లమలలో గొర్రెలు తోలుకెళ్లే మనుషుల కథ. అదే కవి, అదే స్వరకర్త. నాటు పాట లిరికల్ వీడియోకు సుమారు నెల ముందు థియేటర్లకు వచ్చిన ఆల్బమ్.

జ్యూరీ కావాలని ఎదురు వెళ్లిందని కొందరు గొణిగారు. నాకలా అనిపించలేదు. మాటను మాటగా చూసి ఇచ్చారనిపించింది. నాటు పాట బలం మాటా దెబ్బా అడుగూ ముడిపడిన చోట ఉంది. మాటను విడదీసి తూకం వేస్తే దాని బరువు కొంత తగ్గుతుంది. ‘కొండపొలం’ పాట అడవిని పిలిచి పలకరిస్తుంది, కాగితం మీద కూడా నిలబడుతుంది. ఆ తీర్పుకే నా ఓటు. బ్యాండు పెద్దాయన ఒప్పుకోడు. ఒప్పుకోనక్కర్లేదు.

నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఈ అవార్డు వచ్చేదాకా ‘కొండపొలం’ పాటల గురించి మన సమీక్షకుల్లో నిలబడి మాట్లాడినవాళ్లు బహు తక్కువ. సినిమా ఆడలేదు, పాటలూ దాంతోపాటే వెళ్లిపోయాయి. చుక్కలు వేసే చేతులు మరో సినిమా లిరికల్ వీడియో మీదికి మళ్లాయి.

ఈ ఆదివారం కాస్త తీరిక ఉంటే ‘ధమ్ ధమ్ ధమ్’ పెట్టుకోండి. వీడియో వద్దు, పాట చాలు. రెండుసార్లు వినండి. మార్కులు ఆ తర్వాత మీరే వేయండి.